రెమీ ఆర్పనివ్వని దీపం

(గాజుపోగు: పద్నాలుగో భాగం)

పోయినవారం మనం రెమీని చర్చి మెట్ల మీద వదిలి వచ్చాం. ఇప్పుడాయన మట్టిలో ఉన్నాడు. పెట్టె మీద తలా పిడికెడు ఇసుక చల్లి, మా కెంపెన్ సీమ వాళ్ళమంతా అలవాటు ప్రకారం చర్చి పక్క హాల్లో కాఫీకి బయల్దేరాం. మా ఇసుక తెల్లగా ఉంటుంది, గాజు చెయ్యడానికి పనికొచ్చే ఇసుక. దానితోనే బతికినవాడు దాని కిందకే వెళ్ళాడని ఎవరో అన్నారు. విన్నవాళ్ళు అవునన్నట్టు తలాడించారు.

కథ మధ్యలో మరిచిపోయినవాళ్ళ కోసం ఒక్క మాట. రెమీ వెరాక్టర్ట్ అంటే రేడియేషన్‌కి లొంగని గాజుపోగు తీసిన మనిషి. మామూలు పోగుని రేడియేషన్ దగ్గర పెడితే గాజు లోపల కంటికి కనబడని మచ్చలు పడతాయి. ఒక కొస నుంచి పంపిన వెలుగు ఆ మచ్చల్లో ఇంకిపోయి రెండో కొసకి చేరదు. రెమీ పోగు మాత్రం రేడియేషన్ చిమ్మే కోబాల్ట్ ఉంచిన నీళ్ళతొట్టి అడుగున ఏళ్ళ తరబడి పడి ఉండి కూడా వెలుగుని నిక్షేపంగా మోసింది. దాన్ని నమ్మి, వాడేసిన అణు ఇంధనాన్ని దాచే కొత్త గిడ్డంగి గోడల నిండా అదే పోగు పరిచారు. సోమవారం దాని మీద కాంక్రీటు పోస్తారు. ఆ తరవాత గోడ ఎక్కడ పగిలినా, ఎక్కడ వేడెక్కినా చెప్పాల్సింది ఆ పోగే. పోసిన గోడలోంచి దాన్ని తీసి కొత్తది వెయ్యడం ఎవరి తరమూ కాదు. రెమీ దగ్గర పని నేర్చి, ఆయన పక్కనే వయసంతా గడిపిన డింఫ్నాకి ఆ పోగు గురించి ఒక సంగతి తెలిసిపోయింది. దాన్ని గుండెల్లో పెట్టుకునే ఆమె శవపేటిక వెనక నడిచింది. అదేమిటో పోయినవారం చెప్పకుండా మిమ్మల్ని ఊరించాను. ఇవాళ చెప్పేస్తాను.

చావు కాఫీ ఎప్పుడూ గుసగుసలతో మొదలవుతుంది. గుండ్రటి రొట్టెలు, జున్ను, పంది మాంసం ముక్కలు, పాలన్నం పోసి కాల్చిన తియ్యటి టార్టులు. మొదటి కప్పు అయ్యేదాకా అందరూ పళ్ళేల్లోకి చూస్తూ తింటారు. రెండో కప్పుకి ఎవడో ఒకడు పోయినవాడి మీద ఓ కబురు ఎత్తుకుంటాడు. ఇంక బీర్లు తెరిచాక అది చావో పెళ్ళో చెప్పడం కష్టం. కొత్తవాళ్ళు చూస్తే మాకు సిగ్గులేదనుకుంటారు. అనుకోనివ్వండి.

ఈసారి ఎత్తుకున్నవాడు స్టాన్. రెమీ పనిచేసిన అణు పరిశోధన కేంద్రంలో కాపలా పనిచేసి రిటైరైన మనిషి, గొంతు పెద్దది.

"కొత్తగా చేరిన రోజులు. రౌండుకి వెళ్ళా. రెమీ గదిలో పురుగు కూడా లేదు, బల్ల మీద దీపం మాత్రం వెలిగిపోతోంది. మా అమ్మ పెంచిన పిల్లాణ్ణి నేను! ఖాళీ గదిలో దీపం వెలుగుతుంటే నా చెయ్యి ఊరుకుంటుందా? టక్కున ఆర్పేశా."

"అయిపోయావ్!" అన్నారెవరో, ముందే నవ్వుతూ.

"తెల్లారి పిలిచాడు. ఉద్యోగం ఊడిందనుకున్నా. తిడతాడా అంటే తిట్టడు. కూచోబెట్టి కాఫీ పోశాడు. 'చూడు స్టాన్, పోగులోకి వెలుగు పంపే ఈ దీపం వేడెక్కి నిలకడగా వెలగడానికి సగం రోజు పడుతుంది. నువ్వు ఆర్పావంటే నా కొలతలన్నీ కాలవలో కలుస్తాయి. ఇంకా పోగుని తొట్టిలో దింపలేదు కాబట్టి బతికిపోయావ్' అన్నాడు. ఆ రోజు నుంచీ ఆ స్విచ్చికి నేనే కాపలా. సెలవులొచ్చినా, పండగొచ్చినా సరే. పెద్ద డైరెక్టరు వచ్చి కరెంటు దండగ అన్నా ఆర్పనివ్వలేదు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆరలేదు, తెలుసా? ఆయన పోగు అంత గొప్పదవడంలో నాకూ ఓ వాటా ఉంది!"

హాలంతా ఘొల్లుమంది. డింఫ్నా మాత్రం రొట్టెముక్కని పళ్ళెంలో పెట్టేసింది. స్టాన్ నవ్వులాటకి అన్నాడు గానీ, అక్షరాలా నిజం చెప్పాడు. ఆ హాల్లో అది నిజమని ఆమె ఒక్కదానికే తెలుసనుకుంది.

సంగతి ఇదీ. రేడియేషన్ గాజులో మచ్చలు పెడుతుంది, సరే. అదే గాజులోంచి వెలుగు ఆగకుండా పారుతుంటే, ఆ వెలుగు మచ్చల్ని కొంచెం కొంచెంగా కడిగేస్తుంది. రెమీ పోగు నల్లబడకపోవడం దాని గొప్పతనం కాదు. కోబాల్ట్ ఎప్పటికప్పుడు మసి పూస్తుంటే, రెమీ ఆర్పనివ్వని దీపం ఎప్పటికప్పుడు తుడుస్తూ వచ్చింది. అజాగ్రత్త మనిషైతే రోజూ సాయంత్రం దీపం ఆర్పేసి ఇంటికిపోయేవాడు, మొదటి నెలలోనే నిజం బయటపడేది. ఆయన జాగ్రత్తే ఆయన కొంప ముంచింది.

జులైలో ఊరంతా పనులు మూసేసి సముద్రానికి పోయే సెలవుల్లో, కేంద్రంలో కొత్త తీగలు వెయ్యాలని కరెంటువాళ్ళు మెయిన్ తీసేశారు. స్టాన్ రిటైరయ్యాడు, రెమీ ఆసుపత్రిలో ఉన్నాడు. దీపం ఆరింది. నీళ్ళ అడుగున ఉన్న కోబాల్ట్‌కి స్విచ్చి లేదు, సెలవులూ లేవు. తిరిగొచ్చి చూస్తే పోగు గుడ్డిదై ఉంది. అతుకు దగ్గర దుమ్ము పడిందేమో తుడవమన్నారు తోటివాళ్ళు. డింఫ్నా తుడిచింది. దీపం మళ్ళీ వెలిగించి రోజూ చూసింది. పోగు మెల్లమెల్లగా తేరుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు ఆమెకి అనుమానం పుట్టింది. ఒకే చుట్టలోంచి రెండు ముక్కలు కోసి, ఒకదానికి దీపం పెట్టి, ఒకదానికి పెట్టకుండా, రెండింటినీ పక్కపక్కనే తొట్టిలో దింపింది. చీకట్లో ఉన్న ముక్క నల్లబడిపోయింది. అది తేలిపోయిన మర్నాడే రెమీ కన్నుమూశాడు.

గిడ్డంగి గోడలో వందలాది పోగులకి కలిపి ఒకటే యంత్రం. అది వంతులవారీగా ఒక్కో పోగులోకి కాస్త వెలుగు పంపి చూసుకుంటుంది. మిగతా సమయమంతా చీకటే.

మనిషిని మర్యాదగా మట్టిలో పెట్టాక, మర్నాడు ఆదివారం ఆర్నౌట్ ఇంటికి వెళ్ళి చెబుదామనుకుంది డింఫ్నా. ఆర్నౌట్ అంటే గిడ్డంగి పనికి పెద్ద, ఒకప్పుడు రెమీ శిష్యుడు. అయితే అంతకన్నా ముందు రెమీ భార్య గోడెలీవ్‌కి చెప్పాలి. మొగుడి పేరు మట్టిపాలవుతుందని ఆమె ఎవరి నోటో వినకూడదు.

గోడెలీవ్ వంటగదిలో ఉంది. మొగుడి చావు కాఫీకి పెళ్ళాం పని చెయ్యకూడదు. అందరూ వద్దన్నా వినకుండా నల్లగౌను మీద ఏప్రన్ కట్టుకుని టార్టులు కోస్తోంది.

"కత్తి ఇలా ఇవ్వండి, నేను కోస్తా," అంది డింఫ్నా.

"ఉండనీవే పిల్లా. చేతులు ఖాళీగా ఉంటే వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలీడం లేదు." ఒక ముక్క పళ్ళెంలో పెట్టి ఆమె ముందుకి తోసింది. "తిను. హాల్లో ఏం తినలేదు, చూస్తూనే ఉన్నా."

"గోడెలీవ్, మీతో ఒకటి మాట్లాడాలి. ఇవాళ మాట్లాడాల్సింది కాదు, నాకూ తెలుసు. కానీ సోమవారం దాటితే చెప్పీ ప్రయోజనం లేదు."

"పోగు గురించేగా."

డింఫ్నా టార్టు పళ్ళెం పక్కకి జరిపింది.

"చర్చిలో నీ మొహం చూశా," అంది గోడెలీవ్, కొయ్యడం ఆపకుండా. "ఏడ్చేవాళ్ళ మొహం నాకు తెలీదా? నీది ఏడుపు కాదు, లెక్క తప్పిన మొహం. ఈస్టర్ ముందు మా ఇంట్లో కూడా అలాంటి మొహమే ఒకటి తిరిగింది."

"ఆయనకి తెలుసా?"

"తెలుసు."

హాల్లోంచి మళ్ళీ పెద్ద నవ్వు వినబడింది. గోడెలీవ్ వెళ్ళి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"శనాదివారాల్లో ఆ దీపం తనంతట తనే మాడిపోయిందంట. సోమవారం పొద్దున వెళ్ళి చూసుకున్నాడు. మళ్ళీ కొత్తది పెట్టి, ఎవ్వరికీ చెప్పకుండా ఇంటికొచ్చేశాడు. మధ్యాహ్నం పూట ఇంటికొచ్చిన మనిషి కాడు ఎప్పుడూ! గ్యారేజీలో సైకిలు తలకిందులుగా పెట్టి చక్రం తిప్పుతూ కూచున్నాడు. పిలిస్తే పలకడు. బంగాళాదుంపలు చల్లారిపోయాయి. చివరికి అన్నాడు: 'గోడెలీవ్, నా పోగు మంచిది కాదు. ఇన్నేళ్ళూ దాన్ని నేనే బతికించుకుంటూ వచ్చా.' నాకేం అర్థమవుతుందే? ఎవరో బిడ్డ గురించి చెబుతున్నట్టు చెప్పాడు."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు? నాకైనా చెప్పొచ్చుగా!"

"చెబుదామనే అనుకున్నాడు. ఒకసారి గట్టిగా కొలిచి, అప్పుడు చెబుతానన్నాడు. తెలుసుగా ఆయన సంగతి. ఆ వారంలోనే కడుపునొప్పని డాక్టరు దగ్గరికి వెళ్ళాం. వెళ్ళినవాడు మళ్ళీ కేంద్రం మొహం చూడలేదు." గోడెలీవ్ కత్తి కింద పెట్టింది. "నాకు అప్పజెప్పాడు. 'ఆర్నౌట్‌కి చెప్పు, వాడు దొరక్కపోతే డింఫ్నాకి చెప్పు. కాంక్రీటు పొయ్యకముందు చెప్పు' అని. సరే అన్నా."

"మీరు చెప్పలేదు."

"చెప్పలేదు."

డింఫ్నాకి కోపం రావాల్సింది. వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఏప్రన్ కట్టుకుని నిలబడ్డ ఆ మనిషిని చూస్తే, ఆ కోపాన్ని ఎవరి మీద దింపాలో తెలియలేదు.

"మంచం చుట్టూ రోజూ ఎవరో ఒకళ్ళు," అంది గోడెలీవ్. "పూలు తెచ్చేవాళ్ళు. నీ పోగు, నీ పోగు అనేవాళ్ళు. ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. వాళ్ళు వెళ్ళాక నన్నడిగేవాడు, 'చెప్పావా?' అని. నేను చెప్పానంటే వీళ్ళెవరూ మళ్ళీ రారు డింఫ్నా. వచ్చినా పూలతో రారు. ఆ కాస్త రోజులూ ఆయన్ని అలా చూడాలా నేను? అందుకని 'చెప్పా' అన్నా. మీ ఇద్దరూ వస్తే నిద్రపోతున్నాడని గుమ్మంలోంచే పంపేశా."

"గోడెలీవ్..."

"విను, ఇంకా ఉంది. 'ఆర్నౌట్ ఏమన్నాడు?' అన్నాడు. దానికీ ఓ అబద్ధం అల్లా. 'దానికేముంది, మేమూ దీపం ఆర్పకుండా పెడతాం అన్నాడు' అని. ఎంత నిమ్మళించాడో తెలుసా? 'మంచి కుర్రాడు, తిట్టకుండా పని చూసుకున్నాడు' అన్నాడు. ఆ రాత్రి మొదటిసారి సూప్ అంతా తాగాడు." ఆమె ఏప్రన్ కొసతో కళ్ళు తుడుచుకుంది. "నా అబద్ధం తాగి పోయాడే ఆ మనిషి."

డింఫ్నా ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. ఎక్కువసేపు ఏడవడానికి కూడా అక్కడ వీలు లేదు, టార్టుల కోసం ఎవరో ఒకరు తలుపు తోస్తూనే ఉంటారు.

"అలా పెట్టచ్చు కదూ?" గోడెలీవ్ ఉన్నట్టుండి తలెత్తింది. "నేను చెప్పింది అబద్ధమే అనుకో. కానీ నిజంగానే దీపం ఆర్పకుండా పెట్టేస్తే సరిపోతుంది కదూ? అప్పుడు ఎవరికీ ఏం చెప్పక్కర్లేదు కదా?"

ఇన్ని నెలలుగా ఆమె ఆ ఆశని పట్టుకునే నిద్రపోతోందని డింఫ్నాకి అప్పుడు అర్థమైంది. దాన్ని తీసెయ్యడం తన పనే అయింది.

"సరిపోదు. మా దగ్గర తొట్టిలో ఉన్నది చిన్న ముక్క. వెలుగు ఈ కొసన దూరితే ఆ కొస దాకా కడుగుతుంది. గోడలో ఒక్కో పోగు ఊరంతా తిరిగొచ్చినంత పొడుగు. మొదట్లో ఉన్న మచ్చలే వెలుగుని తినేస్తాయి. నడుమ దాకా వెళ్ళేసరికి కడగడానికి ఏమీ మిగలదు."

"మరి గోడ?"

"కొన్నాళ్ళు పలుకుతుంది. తరవాత తప్పు చెబుతుంది. ఆ తరవాత అసలు పలకదు. లోపల పగులుందో వేడుందో ఎవరికీ తెలీదు. దాని కింద ఉన్నది మన ఇసుకే, మనం తాగే నీళ్ళే."

గోడెలీవ్ ఏప్రన్ ముడి విప్పడానికి వెనక్కి చేతులు పెట్టింది. ముడి బిగుసుకుపోయి ఊడలేదు. డింఫ్నా వెళ్ళి విప్పింది.

"రేపు నేను ఆర్నౌట్‌తో చెబుతాను," అంది, ఆమె వీపు వెనకే నిలబడి. "నేనే కనిపెట్టానని చెబుతాను. మీ పేరు రానివ్వను."

"అప్పుడు రెమీ ఏమవుతాడు?"

డింఫ్నా విప్పిన ఏప్రన్ మడతపెట్టసాగింది.

"నువ్వు కనిపెట్టావంటే, తన తప్పు తనకే తెలీకుండా పోయిన ముసలాడవుతాడు. చచ్చాక శిష్యురాలు బయటపెట్టింది అంటారు. ఆయన పట్టుకున్నాడే తన తప్పుని! మాడిపోయిన దీపం చూసి, ఒక్క పూటలో పట్టుకున్నాడు. చెప్పమన్నాడు. అది నేను చెబితేనే తెలుస్తుంది."

"మీరు చెబితే, మరి మీ సంగతి? నాలుగు నెలలు దాచారని ఊరంతా మిమ్మల్నే అంటుంది. ఇదే చర్చికి, ఇదే రొట్టెల కొట్టుకి రేపట్నుంచి మీరే వెళ్ళాలి."

"అనుకోనీ." గోడెలీవ్ ఆమె వైపు తిరిగింది. "నలభై ఏళ్ళు ఆయన సాక్సులు ఉతికా. నిజాయితీ ఒక్కటే ఆయన దగ్గర ఉన్న ఆస్తి. దాన్ని కూడా నేను ఆయనతో పాటు పాతిపెట్టేశా ఇవాళ. తీసి పైన పెట్టాల్సింది కూడా నేనే."

భయం వెయ్యలేదని కాదు. మా ఊళ్ళో ఒక మాట పడితే అది మనవల దాకా నడుస్తుందని ఆమెకి బాగా తెలుసు. అయినా జుట్టు సవరించుకుని, టార్టు పళ్ళెం చేతిలోకి తీసుకుని, తనే తలుపు తోసుకుని హాల్లోకి నడిచింది.

సరిగ్గా అప్పుడే ఆర్నౌట్ గ్లాసు మీద చెంచాతో కొడుతున్నాడు. పొడుగాటి మనిషి, తొందరగా కళ్ళు చెమ్మగిల్లే మనిషి. ఆ సంతాప సభలో రెమీని తండ్రిలా చూసుకున్నవాడు ఎవరైనా ఉన్నారంటే అది అతనే. నవ్వులు సద్దుమణిగాయి. స్టాన్ కూడా బీరు దింపాడు.

"రెండు మాటలే," అన్నాడు ఆర్నౌట్. "ఎక్కువ మాట్లాడితే రెమీ కింద నుంచి 'ముగించు కుర్రాడా' అంటాడు." కొంచెం నవ్వారు. "గోడెలీవ్, నువ్వూ ఇలా రా. నీకోసమే ఇది. ఆయన దగ్గర నేను నేర్చుకున్నదంతా..." జేబురుమాలు కోసం తడుముకున్నాడు.

గోడెలీవ్ పళ్ళెం బల్ల మీద పెట్టింది. "ఆర్నౌట్, నేను కూడా ఒకటి చెప్పాలి. ముందు నన్ను చెప్పనీ."

"చెబుదువు గాని, చెబుదువు గాని. ఒక్క నిమిషం ఆగు, లేకపోతే నేను ఏడ్చేస్తా." అతను గట్టిగా ఊపిరి తీసుకున్నాడు. "ఇది ఎవ్వరికీ చెప్పలేదు. డింఫ్నాకి కూడా తెలీదు. సోమవారం అనుకున్న పని మేం సోమవారం దాకా ఉంచలేదు. మా కుర్రాళ్ళే అడిగారు, ఈ శనివారం పనికి జీతం వద్దు, రెమీ కోసం చేస్తాం అన్నారు. పొద్దున చర్చి గంట మోగినప్పుడు మొదటి లారీ తెరిచాం. ఆయన్ని మనం మట్టిలో దించే వేళకి, ఆయన పోగు మీద కాంక్రీటు పోస్తూ ఉన్నారు అక్కడ. ఇప్పుడూ పోస్తున్నారు. ఇక ఆయన్ని మనూరి నుంచి ఎవరూ తియ్యలేరు, గోడెలీవ్!"

హాలంతా లేచి నిలబడింది. గ్లాసులు పైకి లేచాయి. కొందరు ఏడుస్తున్నారు. ఇంత మంచి పని మా ఊళ్ళో ఎవరి కోసమూ ఎప్పుడూ జరగలేదు, అది నిజం. వంటగది గుమ్మంలో డింఫ్నా తలుపు పట్టుకుని నిలబడింది. ముందుకి అడుగు వెయ్యబోతే గోడెలీవ్ ఆమె వైపు చూసి, వద్దన్నట్టు చెయ్యి చూపింది.

"అది గట్టిపడటానికి ఎంతసేపు పడుతుంది?" అంది గోడెలీవ్.

దుఃఖంలో ఉన్న మనిషి ఏవేవో అడుగుతుంది అనుకున్నారు జనం. ఆర్నౌట్ ప్రేమగా ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "సాయంత్రానికల్లా గట్టిపడుతుంది. ఆ తరవాత గునపం కూడా దిగదు."

"అయితే ఫోన్ చేసి ఆపించు. పోసింది కూడా నీళ్ళు కొట్టి కడిగించు." ఆమె గొంతు పెద్దదేం కాదు, అయినా చివరి బల్ల దాకా వినబడింది. "ఇది నా మాట కాదు, రెమీ మాట. ఏప్రిల్లో నీకు చెప్పమని నాకు చెప్పాడు. నేను చెప్పలేదు."